టర్బో కారుకు తగిన నిప్పురవ్వ ఏది?
శక్తి పెంచిన ఇంజన్లకు స్పార్క్ ప్లగ్గు ఎంపికే కీలకం

న్యూఢిల్లీ: కారు కొనేవారు రంగు చూస్తారు, మైలేజీ అడుగుతారు, టైర్లు తట్టి చూస్తారు. ఇంజన్ తలలో బిగించి ఉండే స్పార్క్ ప్లగ్గు గురించి విచారించేవారు అరుదు. అయితే దేశంలో టర్బో పెట్రోలు కార్లు పెరుగుతున్న కొద్దీ, వాటి శక్తిని మరింత పెంచుకోవాలన్న ఉత్సాహం యువ యజమానుల్లో ప్రబలుతున్న కొద్దీ, పిడికిట్లో ఇమిడిపోయే ఈ చిన్న విడిభాగం ఎంపిక పెద్ద ఖర్చుతో ముడిపడిన వ్యవహారంగా మారింది. సరైన ప్లగ్గుకు పెట్టే ఖర్చు కారు విలువలో లెక్కలోకి రానంత స్వల్పం. తగని ప్లగ్గు కారణంగా పిస్టన్ కరిగితే మాత్రం ఇంజన్‌ను పూర్తిగా విప్పదీయవలసిందే.

పన్ను గీసిన గీత

భారతదేశంలో టర్బో పెట్రోలు ఇంజన్ల వ్యాప్తి వెనుక సాంకేతిక కారణాలతో పాటు పన్నుల విధానం కూడా ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి పి. చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలుకైతే 1,200 సి.సి., డీజిలుకైతే 1,500 సి.సి.కి మించని ఇంజన్ ఉన్న కార్లనే చిన్న కార్లుగా నిర్వచించారు. 2017 జూలైలో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చిన తరువాత కూడా పెట్రోలు కార్ల విషయంలో ఈ గీత చెదరలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలయిన కొత్త రేట్లలో సైతం ఈ పరిమితికి లోబడిన పెట్రోలు కార్లకు 18 శాతం, అంతకు మించిన వాటికి 40 శాతం పన్ను నిర్ణయించారు.

ఇంజన్ పరిమాణం పెంచితే పన్ను పెరుగుతుంది. పెంచకపోతే శక్తి చాలదు. ఈ ఇరకాటం నుంచి బయటపడేందుకు కంపెనీలు ఎంచుకున్న మార్గమే టర్బో. 2013లో ఒక లీటరు ఇంజన్‌తో 125 అశ్వశక్తి ఇచ్చే ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 1.2 లీటర్ల ఇంజన్‌తో 105 అశ్వశక్తి ఇచ్చే ఫోక్స్‌వాగన్ పోలో జీటీ రంగప్రవేశం చేశాయి. అనంతరం 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ, మహీంద్రా ఎక్స్‌యూవీ 300 వచ్చాయి. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో చిన్న డీజిలు ఇంజన్ల తయారీ గిట్టుబాటు కాకుండా పోయింది. మారుతి సుజుకి డీజిలు కార్లకు స్వస్తి చెప్పింది. డీజిలు బండి లాగుడుకు అలవాటుపడిన వినియోగదారులు సహజంగానే టర్బో పెట్రోలు వైపు మొగ్గారు. పన్ను రాయితీ పరిమితిని పట్టించుకోని పై తరగతిలో 1.5 లీటర్లతో 150, 160 అశ్వశక్తి, 2 లీటర్లతో 200 అశ్వశక్తి ఇచ్చే కార్లు కూడా దేశీయంగానే తయారవుతున్నాయి.

కొలిమి తిత్తి సూత్రం

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందిన ఆలోచన నుంచి టర్బో పుట్టింది. ఇంజన్ నుంచి వృథాగా బయటకు పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, దానికి జోడించిన మరో చక్రంతో గాలిని సిలిండర్లలోకి బలవంతంగా నెట్టడం దీని సారాంశం. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు రాజుకున్నట్లే, ఎక్కువ గాలి చేరితే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. ఎక్కువ శక్తి పుడుతుంది.

అయితే ఈ లాభం ఊరికే రాదు. వాతావరణ పీడనానికి అదనంగా మరో బార్ పీడనంతో గాలిని నింపితే సిలిండర్‌లో చేరే గాలి స్థూలంగా రెట్టింపవుతుంది. మంట పుట్టే క్షణంలో పీడనం, మంట పుట్టాక వేడి ఆ మేరకు పెరుగుతాయి. ఈ రెండింటి మధ్య చిక్కుకుని పనిచేయవలసినది స్పార్క్ ప్లగ్గే. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి ప్లగ్గు సెకనుకు 50 సార్లు నిప్పురవ్వను పుట్టించాలి. ఒక్కసారి తప్పినా ఇంజన్ కుదుపు రూపంలో తెలిసిపోతుంది.

వేడి ప్లగ్గు, చల్లని ప్లగ్గు

ప్లగ్గు ఎంపికలో మొదటి అంశం దాని వేడి స్థాయి. మెకానిక్ షెడ్లలో హాట్ ప్లగ్గు, కోల్డ్ ప్లగ్గు అని వ్యవహరించేది దీనినే. ఈ పేర్లు కొంత అపోహకు తావిస్తున్నాయి. హాట్ ప్లగ్గు నిప్పురవ్వ ఎక్కువ వేడిగా ఉంటుందని పలువురు భావిస్తారు. నిజానికి రవ్వకూ ఈ పేరుకూ సంబంధం లేదు. ప్లగ్గు కొన తనకు తగిలిన వేడిని ఎంత త్వరగా సిలిండర్ హెడ్‌కు వదిలించుకోగలదన్నదే ఇక్కడ కొలమానం. లోపలి పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి బయటకు పోవడానికి చాలా దూరం ప్రయాణించాలి. అది హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా జారిపోతుంది. అది కోల్డ్ ప్లగ్గు.

ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు పైన, 800 డిగ్రీలకు దిగువన ఉండాలి. 450 డిగ్రీలకు లోపు ఉంటే పేరుకున్న మసి కాలిపోదు. ఆ మసి గుండా విద్యుత్తు పక్కదారి పట్టి రవ్వ పుట్టదు. 800 డిగ్రీలు దాటితే అంతకన్నా పెద్ద ప్రమాదం. నిప్పుకణికలా ఎర్రబడిన ప్లగ్గు కొన, రవ్వ పుట్టవలసిన సమయానికి ముందే ఇంధనాన్ని అంటిస్తుంది. పైకి వస్తున్న పిస్టన్‌కు ఎదురుగా పేలుడు సంభవిస్తుంది. ప్రీ-ఇగ్నిషన్ అని పిలిచే ఈ స్థితి కొద్ది క్షణాలు కొనసాగినా పిస్టన్ తలకు రంధ్రం పడవచ్చు.

ఈ కారణంగానే శక్తి పెంచిన ఇంజన్లకు మామూలు కంటే ఒక మెట్టు చల్లని ప్లగ్గును సూచిస్తారు. ఇంజన్ శక్తి 75 నుంచి 100 అశ్వశక్తి పెరిగిన ప్రతిసారీ ఒక మెట్టు చల్లని ప్లగ్గుకు మారాలన్న సూత్రం అమెరికాలో బహుళ ప్రచారంలో ఉంది. దానిని ఉన్నదున్నట్లు మన కార్లకు వర్తింపజేయడం సరికాదు. ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌లో 80 అశ్వశక్తి పెరిగితే ఒక్కో ప్లగ్గుపై పడే అదనపు భారం 10 అశ్వశక్తి మాత్రమే. మూడు సిలిండర్ల చిన్న ఇంజన్‌లో 30 అశ్వశక్తి పెరిగితేనే అంత భారం పడుతుంది. కనుక మొత్తం పెరుగుదలను కాక, సిలిండర్‌కు ఎంత పెరిగిందన్న లెక్కను చూడడం సమంజసం.

కాగా చల్లని ప్లగ్గు ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న అభిప్రాయం కూడా పొరపాటే. హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ వంటి నగరాల్లో కారు ఎక్కువ సమయం సిగ్నళ్ల వద్ద నిలిచి నిలిచి నడుస్తుంది. పరుగు పందేనికి ఉద్దేశించిన ప్లగ్గు ఈ నడకలో 450 డిగ్రీలకు చేరుకోనే చేరుకోదు. మసి పేరుకుని రవ్వ తప్పుతుంది. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి కాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. విలువైన లోహాలు పూసిన ఆ భాగం చెడితే దానిని మార్చే ఖర్చు డజన్ల కొద్దీ ప్లగ్గుల ధరను మించుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు ఒక మెట్టుకు మించి చల్లని ప్లగ్గు అవసరం సాధారణంగా రాదు.

అంకెలతో జాగ్రత్త

ప్లగ్గు మీద ముద్రించిన అంకె దాని వేడి స్థాయిని తెలుపుతుంది. అయితే అన్ని కంపెనీలదీ ఒకే పద్ధతి కాదు. జపాన్‌కు చెందిన ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్గుల్లో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ కంపెనీల విషయంలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు వేడిది. ఎన్‌జీకేలో 6కు బదులు 7 వాడి లాభపడిన మెకానిక్ అదే అలవాటుతో బాష్‌లో పెద్ద అంకెను ఎంచుకుంటే, తాను కోరినదానికి సరిగ్గా వ్యతిరేకమైన ప్లగ్గును బిగించినట్లవుతుంది. ఎన్‌జీకే 7, డెన్సో 22 ఒకే స్థాయికి చెందినవి. కంపెనీ మారినప్పుడు పోలిక పట్టికను చూడకుండా కొనడం ప్రమాదకరం.

వెంట్రుకవాసి తేడా

రెండవ అంశం గ్యాప్, అంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం. వాయువు పీడనం, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం పెరిగిన కొద్దీ రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి పెరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ 1889లోనే నిరూపించారు. టర్బో ఇంజన్‌లో పీడనాన్ని తగ్గించలేము. అది తగ్గితే టర్బో ఉండీ ప్రయోజనం లేదు. కాబట్టి తగ్గించవలసింది దూరాన్నే.

టర్బో లేని ఆధునిక కార్లలో ఈ ఎడం సాధారణంగా 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చే టర్బో కార్లలో 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల వరకూ ఉండటం కద్దు. పీడనాన్ని బాగా పెంచిన ఇంజన్లలో 0.5, 0.6 మిల్లీమీటర్లకు తగ్గిస్తారు. ఎడం ఎక్కువైతే కాయిల్ ఇచ్చే వోల్టేజి చాలక, ఇంజన్‌పై గరిష్ఠ భారం పడిన సమయంలో, సరిగ్గా లారీని దాటబోయే క్షణంలో రవ్వ తప్పుతుంది. మరీ తగ్గిస్తే రవ్వ చిన్నదై నిలకడగా ఉన్నప్పుడు ఇంజన్ వణుకుతుంది. అందువల్ల ఇంజన్ నిండు భారం మీద తడబడితేనే 0.05 మిల్లీమీటర్ల చొప్పున తగ్గిస్తూ, తడబాటు ఆగిన చోట ఆపడం అనుభవజ్ఞుల పద్ధతి.

నికెలా, ఇరిడియమా?

మూడవ అంశం లోహం. వాడుకలో కాపర్ ప్లగ్గు అని పిలిచే రకంలో రాగి లోపలి భాగంలో మాత్రమే ఉంటుంది. రవ్వను తట్టుకునే కొన నికెల్ మిశ్రమంతో చేసినదే. నికెల్ 1,455 డిగ్రీల వద్ద కరుగుతుంది. ప్లాటినం 1,768 డిగ్రీల వరకు, ఇరిడియం 2,446 డిగ్రీల వరకు నిలుస్తాయి. ఇరిడియం అంత గట్టిది కావడం వల్లనే దానితో 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల సన్నని కొనను చేయగలుగుతున్నారు. సన్నని కొన నుంచి రవ్వ తక్కువ వోల్టేజికే దూకుతుంది. పీడనం ఎక్కువగా ఉండే టర్బో ఇంజన్‌కు ఇది కలిసివచ్చే గుణం.

నికెల్ ప్లగ్గు సాధారణంగా 20 నుంచి 30 వేల కిలోమీటర్లు మన్నితే, ఇరిడియం ప్లగ్గు 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల వరకు మన్నుతుంది. శక్తి పెంచిన ఇంజన్‌లో ఈ ఆయుర్దాయం తగ్గుతుంది. పందేల్లో పాల్గొనేవారు ప్లగ్గులను తరచూ మారుస్తారు గనుక చవకైన నికెల్‌తో సరిపెట్టుకోవడమూ ఉంది. కుటుంబ అవసరాలకు వాడే కారుకు మాత్రం, కంపెనీ ఇరిడియం సూచించిన చోట నికెల్‌కు దిగిపోవడం పొదుపు అనిపించుకోదు.

ఈ లోహం ధర అంతర్జాతీయ విపణితో ముడిపడి ఉంది. ప్రపంచ ఇరిడియం ఉత్పత్తిలో 80 శాతానికి పైగా దక్షిణాఫ్రికాదే. అక్కడి సరఫరాలో అంతరాయాలు, ఇతర పరిశ్రమల గిరాకీ తోడై, 2020 ఆరంభంలో ఔన్సు 1,500 డాలర్ల స్థాయిలో ఉన్న ఇరిడియం 2021లో 6,000 డాలర్లు దాటింది. ఒక్కో ప్లగ్గులో ఉండే లోహం రవ్వంతే అయినా, ఖరీదైన సరుకు ఉన్నచోట నకిలీ పుట్టక మానదు. అసలు ప్లగ్గుపై అక్షరాలు స్పష్టంగా, మరలు నునుపుగా, మధ్య ఎలక్ట్రోడ్ సరిగ్గా కేంద్రంలో ఉంటాయి. ఇరిడియం పేరుతో అమ్మే ప్లగ్గు కొన సన్నగా కాక మొద్దుగా ఉన్నా, ధర నమ్మశక్యం కానంత తక్కువగా ఉన్నా అనుమానించవలసిందే. బిల్లు ఇచ్చే అధీకృత విక్రేత వద్ద కొనడం ఉత్తమం.

ఇథనాల్, గ్యాస్ ప్రభావం

ఇదిలా ఉండగా దేశంలో ఇంధనమే మారిపోయింది. పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2022 జూన్‌లో చేరుకున్నారు. 2023 ఫిబ్రవరిలో 20 శాతం మిశ్రమ విక్రయాన్ని ప్రారంభించి, 2025లో ఆ లక్ష్యాన్ని కూడా అందుకున్నారు. ఇథనాల్‌కు ఆక్టేన్ విలువ ఎక్కువ. ఆవిరయ్యేటప్పుడు అది పెట్రోలు కంటే రెండు రెట్లకు మించిన వేడిని పీల్చుకుంటుంది. ఈ రెండు గుణాలూ టర్బో ఇంజన్‌కు మేలు చేసేవే. నాకింగ్ ముప్పు తగ్గుతుంది. అయితే లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ కనుక మైలేజీలో కొంత నష్టం తప్పదు. ఇథనాల్ మిశ్రమంతో నడిచిన ప్లగ్గు రంగు మామూలు కంటే లేతగా కనిపిస్తుంది. దానిని చూసి ఇంజన్ అతిగా వేడెక్కుతోందని తొందరపడి నిర్ణయానికి రాకూడదు.

2024 సెప్టెంబర్‌లో టాటా నెక్సాన్ రూపంలో దేశంలో తొలి టర్బో సీఎన్‌జీ కారు విపణిలోకి వచ్చింది. సహజవాయువును అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. అందువల్ల గ్యాస్‌తో నడిచే కార్లలో ప్లగ్గులు త్వరగా అరుగుతాయి. పెట్రోలు టర్బో కారుకు బయట గ్యాస్ కిట్టు బిగించుకునేవారు పాత ప్లగ్గులనే కొనసాగించడం మంచిది కాదు.

ప్లగ్గు తప్పు కానప్పుడు

అన్ని అకాల పేలుళ్లకూ ప్లగ్గునే బాధ్యురాలిని చేయడం న్యాయం కాదు. నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే టర్బో ఇంజన్లలో, తక్కువ వేగంలో పై గేరు వేసి యాక్సిలరేటర్ బలంగా తొక్కినప్పుడు ఆయిల్ తుంపరల కారణంగా కూడా ఇంధనం ముందే అంటుకోవచ్చు. ఆయిల్‌లో కాల్షియం మిశ్రమాలు ఇందుకు దోహదం చేస్తాయని తేలడంతో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2018లో ఎస్.ఎన్. ప్లస్, 2020లో ఎస్.పి. అనే కొత్త ఆయిల్ ప్రమాణాలను తెచ్చింది. చల్లని ప్లగ్గు బిగించి పాత ప్రమాణాల ఆయిల్ పోస్తే ప్రయోజనం సగమే. తగిన ఆక్టేన్ పెట్రోలు, సరైన ఆయిల్, తగిన ప్లగ్గు, మూడూ కలిసి ఉండాలి.

బిగింపులో మెలకువ

మంచి ప్లగ్గు కొని బిగింపులో చెడగొట్టుకోవడం సర్వసాధారణం. ఇంజన్ చల్లారాకనే ప్లగ్గు విప్పాలి. అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల మరలున్న ప్లగ్గును 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల దానిని 15 నుంచి 20 న్యూటన్ మీటర్ల బలంతో టార్క్ రెంచ్ సాయంతో బిగించాలి. కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి. బిగువు చాలకపోతే వేడి హెడ్‌లోకి పోయే దారి మూసుకుపోయి, చల్లని ప్లగ్గు సైతం వేడి ప్లగ్గులా ప్రవర్తిస్తుంది. ఎక్కువైతే మరలు తెగుతాయి. మరలకు గ్రీజు పూయడం వద్దని ప్రధాన కంపెనీలు హెచ్చరిస్తున్నాయి. జారుడు వల్ల బిగింపు కొలత దాటిపోతుందన్నది వాటి వాదన. మరల పొడవు ఏ మాత్రం ఎక్కువైనా పిస్టన్‌ను తాకే ప్రమాదం ఉంది. ఇరిడియం కొనను గేజితో ఒత్తి వంచబోతే విరుగుతుంది.

విప్పిన ప్లగ్గు ఇంజన్ ఆరోగ్యాన్ని నాడిలా తెలియజేస్తుంది. కొన లేత గోధుమ లేక బూడిద రంగులో ఉంటే అంతా సవ్యమే. పొడి మసి పట్టి ఉంటే ప్లగ్గు మరీ చల్లనిది, లేదా పెట్రోలు ఎక్కువగా వస్తోంది. తెల్లగా పాలిపోయి, పొక్కులు తేలి, పింగాణీపై అల్యూమినియం చుక్కలు మెరుస్తుంటే పిస్టన్ కరగడం మొదలైందని అర్థం. ఆ బండిని వెంటనే ఆపాలి.

చట్టం మాట

కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి శక్తి పెంచుకునేవారు మరో విషయాన్నీ గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. వారంటీలో ఉన్న కారు ఇంజన్‌ను మారిస్తే కంపెనీ బాధ్యత తప్పుకునే అవకాశం ఉంది. శక్తి పెంచని కారుకు కంపెనీ సూచించిన ప్లగ్గును, సూచించిన గ్యాప్‌తో, సూచించిన గడువులో మార్చడమే అన్నిటికన్నా శ్రేయస్కరం.

1951లో బెంగళూరులో స్థాపించిన మైకో పేరు మన మెకానిక్‌ల నోట దశాబ్దాల పాటు స్పార్క్ ప్లగ్గుకు పర్యాయపదంగా నిలిచింది. ఆ సంస్థ పేరు 2008లో బాష్‌గా మారింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన పరుగులు తీసిన ఫార్ములా-ఇ కార్లలో ప్లగ్గు అన్నదే లేదు. విద్యుత్ వాహనాలు రాజ్యమేలే రోజున ఈ చర్చ అంతా చరిత్రలో కలిసిపోవచ్చు. అయితే పెట్రోలుతో కొంత, బ్యాటరీతో కొంత నడిచే హైబ్రిడ్ కార్లకు సైతం నిప్పురవ్వ కావలసిందే. ఇప్పుడు రోడ్లపై ఉన్న లక్షలాది పెట్రోలు కార్లు మరో పదేళ్ల పైబడి తిరుగుతాయి. వాటి యజమానులు తదుపరి సర్వీసింగ్ సమయంలో పాత ప్లగ్గులను పారవేయనివ్వకుండా ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే, ఇంజన్ లోపల ఏం జరుగుతోందో కళ్లారా తెలుసుకోవచ్చు.